అమెరికాలో తుపాకీతో విమాన ప్రయాణం: చెక్-ఇన్ బ్యాగ్‌లో ఎలా పంపాలి

వేటకో, షూటింగ్ పోటీకో, ఇల్లు మారేటప్పుడో తుపాకీని విమానంలో తీసుకెళ్లాల్సి వస్తే కంగారు పడక్కర్లేదు. అమెరికాలో అది చట్టబద్ధమే, పద్ధతి కూడా చిన్నదే. తూటాలు తీసేయాలి, గట్టి పెట్టెలో పెట్టి తాళం వేయాలి, ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, చెక్-ఇన్ లగేజీలో పంపాలి. అంతే. జనం ఇరుక్కునేది ఈ నాలుగు పనుల దగ్గర కాదు. బ్యాగ్ అడుగున మర్చిపోయిన తూటా దగ్గర, వీసా సంగతి పట్టించుకోకపోవడం దగ్గర, మధ్యలో ఫ్లైట్ మిస్సయి వేరే రాష్ట్రంలో రాత్రి ఉండిపోవాల్సి వచ్చినప్పుడు. అందుకని ప్యాకింగ్ కంటే ముందు వాటి గురించే చెబుతాను.

అసలు మీరు గన్ ఉంచుకోవచ్చా?

టికెట్ కంటే ముందు మీ వీసా చూసుకోండి. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4, ఇలా నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, మనవాళ్ల నోట ఎక్కువగా వినిపించేది వేట లైసెన్సు. అమెరికాలో సక్రమంగా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు మీ దగ్గరుంటే ఆ నిషేధం మీకు వర్తించదు. చాలా రాష్ట్రాల్లో అది ఏడాదికోసారి మళ్లీ తీసుకోవాల్సిందే కాబట్టి, వెళ్లే రోజుకే కాకుండా తిరిగొచ్చే రోజుకి కూడా చెల్లుతుందో లేదో చూసుకుని, కాగితం వెంట పెట్టుకోండి. గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లకి ఈ వీసా గొడవ లేదు. మీ స్టేటస్ మధ్యలో మారుతూ ఉంటే మాత్రం వాట్సాప్ గ్రూపులో అడిగి ఊరుకోకండి, లాయర్‌కి ఫోన్ చేయండి. ఇక్కడ పొరపాటు జరిగితే జరిమానాతో పోదు, ఇమ్మిగ్రేషన్ మీదికి వస్తుంది.

ఇంకో మాట. నలుగురు స్నేహితులు కలిసి వెళ్తున్నప్పుడు ఒకరి లగేజీ బరువెక్కువైందని గన్ పెట్టెని ఇంకొకరి పేరు మీద చెక్-ఇన్ చేసే సర్దుబాట్లు చేయకండి. కౌంటర్ దగ్గర డిక్లేర్ చేసి సంతకం పెట్టిన మనిషిదే దాని బాధ్యత, ఆ మనిషి హెచ్-1బీ మీద ఉన్నాడనుకోండి, ఇక చెప్పేదేముంది.

దారిలో ఏ రాష్ట్రాలు తగులుతున్నాయో చూడండి

ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ చెక్ చేసే ఫెడరల్ సంస్థ టీఎస్‌ఏ. దాని రూల్స్ దేశమంతా ఒకటే, గన్ చట్టాలు మాత్రం రాష్ట్రానికో తీరు. టెక్సస్‌లో మీకున్న క్యారీ పర్మిట్‌ని, అంటే గన్ వెంట పెట్టుకుని తిరిగే అనుమతిని, కాలిఫోర్నియా గుర్తించదు, న్యూయార్క్ కూడా గుర్తించదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో మ్యాగజైన్‌లో, అంటే గన్‌లో దూర్చే తూటాల అరలో, 10 తూటాలకి మించి పట్టకూడదు, కొలరాడోలో 15. ఇంట్లో మామూలుగా వాడే 17 తూటాల మ్యాగజైన్ అక్కడ దిగగానే నేరం అవుతుంది. కాబట్టి వెళ్లే చోట ఆ మోడల్ తుపాకీ, ఆ మ్యాగజైన్ ఉంచుకోవచ్చా, బయటివాళ్లు పిస్టల్ తేవాలంటే ముందే పర్మిట్ కావాలా అన్నది ఆ రాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్లో గానీ అటార్నీ జనరల్ ఆఫీసు వెబ్‌సైట్లో గానీ చదవండి. గన్ షాపు అతను చెప్పాడు, బావగారు చెప్పారు అనేవి లెక్కలోకి రావు.

మధ్యలో తగిలే రాష్ట్రాల కోసం 1986లో వచ్చిన ఒక ఫెడరల్ చట్టం ఉంది. బయల్దేరే చోట, చేరే చోట మీకు ఆ తుపాకీ చట్టబద్ధమైతే, తూటాలు తీసేసి, చేతికి అందకుండా తాళం వేసి తీసుకెళ్తున్నంతసేపూ దారిలోని రాష్ట్రాలు మిమ్మల్ని పట్టుకోకూడదు. వినడానికి భేషుగ్గా ఉంది కదా, అయితే 2005లో ఏం జరిగిందో చూడండి. ఉటా నుంచి పెన్సిల్వేనియా వెళ్తున్న ఒకాయన తుపాకీని పద్ధతి ప్రకారం డిక్లేర్ చేసే పంపాడు. న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో కనెక్షన్ తప్పిపోయింది, బ్యాగ్ తీసుకుని ఎయిర్‌పోర్ట్ దగ్గరి హోటల్లో రాత్రి గడిపాడు, పొద్దున్నే కౌంటర్‌కి వచ్చి మళ్లీ నిజాయితీగా డిక్లేర్ చేశాడు. అరెస్టు చేశారు. కొన్ని రోజులు జైల్లో ఉన్నాడు, కేసు తర్వాత కొట్టేశారు గానీ, అన్యాయంగా అరెస్టు చేశారని ఆయన వేసిన దావాలో 2010లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆయనకి వ్యతిరేకంగానే చెప్పింది. హోటల్ గదిలో ఆ రాత్రంతా బ్యాగ్ ఆయన చేతికి అందుబాటులోనే ఉంది కాబట్టి ఆ చట్టం రక్షణ వర్తించదు అని. వినడానికి కఠినంగా ఉంది, నిజంగా కఠినమే.

దీన్నిబట్టి చేయాల్సింది ఏంటంటే, వీలైతే నాన్‌స్టాప్ ఫ్లైట్ తీసుకోండి, యాభై డాలర్లు ఎక్కువైనా సరే. కనెక్షన్ తప్పదంటే న్యూయార్క్, న్యూజెర్సీ ఎయిర్‌పోర్టుల మీదుగా మాత్రం బుక్ చేయకండి. వాతావరణం బాలేక విమానాన్ని అక్కడికి మళ్లించి, రాత్రి ఉండండి, మీ బ్యాగులు బెల్టు మీద వస్తున్నాయి అంటే, గన్ ఉన్న బ్యాగ్‌ని ముట్టుకోకండి. బెల్టు దగ్గరికి వెళ్లకముందే ఎయిర్‌లైన్ సిబ్బందికో ఎయిర్‌పోర్ట్ పోలీసులకో విషయం చెప్పి, పొద్దున దాకా వాళ్ల దగ్గరే ఉంచమని అడగండి. ఇది నా సొంత తెలివి కాదు, అదే తీర్పులో కోర్టు చూపించిన దారి. టూత్‌బ్రష్, మందులు, ఒక జత బట్టలు క్యాబిన్ బ్యాగ్‌లో పెట్టుకుంటే ఆ రాత్రి మీకు ఆ సూట్‌కేసుతో అవసరమే రాదు.

మీ బ్యాగులన్నీ ఒకసారి దులపండి

2024లో అమెరికా ఎయిర్‌పోర్టుల సెక్యూరిటీ చెక్ దగ్గర దొరికిన తుపాకులు 6,678. వాటిలో దాదాపు 94 శాతం లోడ్ చేసి ఉన్నవే. అట్లాంటా ఎయిర్‌పోర్ట్ ఒక్కదాంట్లోనే 440 దొరికాయి. వీళ్లలో ఎక్కువమంది నోట వినిపించేది ఒకటే మాట, బ్యాగ్‌లో ఉందని మర్చిపోయాను అని. రోజూ ఆఫీసుకి తీసుకెళ్లే బ్యాక్‌ప్యాక్‌లోనే గన్ పెట్టుకునే అలవాటున్నవాళ్లకి ఇది ఎక్కువగా జరుగుతుంది. మర్చిపోయాను అంటే వదిలేయరు, జరిమానా 17 వేల డాలర్లు దాటే దాకా వేయొచ్చు, లోకల్ పోలీసులు వచ్చి కేసు పెట్టొచ్చు, సెక్యూరిటీ లైన్ త్వరగా దాటించే టీఎస్‌ఏ ప్రీచెక్ ఉంటే అది కనీసం 5 ఏళ్లు పోతుంది.

కాబట్టి బయల్దేరే ముందు రాత్రి క్యాబిన్‌లోకి తీసుకెళ్లే బ్యాగ్‌ని మంచం మీద బోర్లించండి. జిప్పులన్నీ తీసి, ప్రతి జేబులో చేయి పెట్టి, లైనింగ్ చిరిగిన చోట కూడా వేలు పెట్టి చూడండి. వేటకి వేసుకునే జాకెట్టు జేబులు అసలు మర్చిపోవద్దు, విడి తూటాలు దొరికేది ఎక్కువగా అక్కడే. ఇంకా మంచిది, షూటింగ్ రేంజ్‌కి వాడే బ్యాగ్ వేరు, ప్రయాణానికి వాడే బ్యాగ్ వేరు అని పెట్టేసుకోవడం.

తుపాకీ మొత్తమే కాదు, దాని భాగాలు కూడా క్యాబిన్ బ్యాగ్‌లో కుదరవు. మ్యాగజైన్, బోల్టు, ఫైరింగ్ పిన్ అన్నీ చెక్-ఇన్‌కే. బొమ్మ తుపాకీ అసలుదానిలా కనిపిస్తే అదీ చెక్-ఇన్‌కే. గురి చూసుకునే రైఫిల్ స్కోప్ ఒక్కటి క్యాబిన్‌లోకి తీసుకెళ్లొచ్చు, ఖరీదైన స్కోప్ అయితే అలా చేయడమే మేలు.

పెట్టె, తాళాలు

ఇక ప్యాకింగ్. ముందు మ్యాగజైన్ తీసేయండి, తర్వాత స్లైడ్ గానీ బోల్టు గానీ వెనక్కి లాగి ఛాంబర్‌ని, అంటే పేలే ముందు తూటా కూర్చునే గదిని, కంటితో చూడండి, వేలు పెట్టి తడిమి కూడా చూడండి. రివాల్వర్ అయితే సిలిండర్ తెరిచి ఒక్కో గది చూడండి. ఛాంబర్ ఖాళీగా ఉండి, తూటాలున్న మ్యాగజైన్ గన్‌లో దూర్చి ఉన్నా సరే టీఎస్‌ఏ లెక్కలో అది లోడెడ్ తుపాకీయే, చాలామందికి ఇది తెలియదు. నారింజ రంగు ఛాంబర్ ఫ్లాగ్ దొరుకుతుంది, తప్పనిసరి కాదు గానీ పెట్టండి, పెట్టె తెరిచిన ఆఫీసర్‌కి ఒక్క చూపులో ఖాళీ అని అర్థమవుతుంది. రైఫిల్ అయితే బోల్టు విడిగా తీసి అదే పెట్టెలో పెట్టేయండి.

పెట్టె గట్టిదై ఉండాలి, అంటే గుడ్డ కేసు, జిప్ కేసు పనికిరావు. పిస్టల్ కొన్నప్పుడు వచ్చే ప్లాస్టిక్ పెట్టె కూడా చాలాసార్లు సరిపోదు. పరీక్ష చాలా సింపుల్. తాళాలన్నీ వేశాక మూల దగ్గర పట్టుకుని మూతని గట్టిగా పైకి లాగండి. సందులోంచి వేళ్లు లోపలికి వెళ్తున్నాయంటే, గొళ్లెం వంగుతోందంటే ఆ పెట్టె ఇంట్లోనే ఉంచండి. తాళం కోసం ఎన్ని రంధ్రాలిచ్చారో అన్నిటికీ తాళం వేయండి, ముఖ్యంగా పొడవాటి రైఫిల్ కేసుకి. మధ్యలో ఒక్కటే వేస్తే రెండు చివర్లూ పైకి లేస్తాయి.

ఏ తాళం అన్నదాని మీద పెద్ద వాదనలే నడుస్తుంటాయి. టీఎస్‌ఏ వాళ్లు మాస్టర్ కీతో తెరవగలిగే తాళాలు కూడా వాడొచ్చని వాళ్లే చెబుతున్నారు. కానీ రూల్ ప్రకారం తాళంచెవి గానీ నంబర్ గానీ ప్రయాణికుడి దగ్గర మాత్రమే ఉండాలి, ఆ మాస్టర్ కీలకేమో నకళ్లు ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. అందుకే గన్ పెట్టెకి మామూలు గట్టి తాళంకప్పే వేయమంటాను. తాళంచెవి మీ జేబులోనో పర్సులోనో ఉండాలి, అదే సూట్‌కేసు సైడు పౌచ్‌లో పెడితే మీరూ తెరవలేరు.

చిన్న పిస్టల్ పెట్టెని మామూలు పెద్ద సూట్‌కేసులో పెట్టి పంపేవాళ్లే ఎక్కువ, మీ ఎయిర్‌లైన్ దానికి ఒప్పుకుంటుందో లేదో ముందే వాళ్ల పేజీలో చూడండి. అలా పెడితే పెట్టెని సన్నటి స్టీల్ కేబుల్‌తో సూట్‌కేసు లోపలి హ్యాండిల్ రాడ్డుకి కట్టేయండి, లేకపోతే ఎవరైనా జిప్ తీసి పెట్టెని పెట్టెలాగే ఎత్తుకుపోతారు. లోపలి పెట్టెకి మీ తాళం, బయటి సూట్‌కేసుకి టీఎస్‌ఏ తాళం, ఇలా ఉంటే మిగతా బట్టలు వాళ్లు చెక్ చేయాలన్నా మిమ్మల్ని పిలవక్కర్లేదు. పెట్టెలో ఒక ఎయిర్‌ట్యాగ్ వేయండి, అది ఎక్కడుందో ఫోన్లో తెలుస్తుంది, సీరియల్ నంబర్ కనిపించేలా గన్‌ని ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి. పోయిందని కంప్లైంట్ ఇవ్వాల్సి వస్తే పోలీసులు అడిగే మొదటి ప్రశ్న ఆ నంబరే.

తూటాలు

తూటాలు కూడా చెక్-ఇన్‌లోనే, క్యాబిన్‌లో ఒక్కటి కూడా కుదరదు. అట్టపెట్టె, చెక్క, ప్లాస్టిక్, మెటల్ ఏదైనా సరే, తూటాలు పెట్టడానికే తయారుచేసిన డబ్బాలో ఉండాలి. కొన్నప్పటి డబ్బా అయితే ఏ గొడవా లేదు. జిప్‌లాక్ కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేస్తే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. డబ్బాలో సర్దినవైతే గన్ ఉన్న తాళం పెట్టెలోనే పెట్టొచ్చు, టీఎస్‌ఏకి అభ్యంతరం లేదు, కొన్ని ఎయిర్‌లైన్లు మాత్రం వేరేగా పెట్టమంటాయి. నింపిన మ్యాగజైన్ల విషయంలో కూడా ఇదే తేడా ఉంది కాబట్టి అన్నీ ఖాళీ చేసి తీసుకెళ్లడం సుఖం.

బరువు మనిషికి 11 పౌండ్లు, అంటే 5 కిలోలు, చాలా ఎయిర్‌లైన్లలో ఇదే లెక్క. డబ్బాతో కలిపి తూస్తారు. భార్యాభర్తలిద్దరికీ కలిపి 10 కిలోలు ఒకే పెట్టెలో అంటే ఒప్పుకోరు. షాట్‌గన్ షెల్స్ బరువెక్కువ, పోటీకి వెళ్లేవాళ్లకి ఈ లెక్క చాలదు, అలాంటప్పుడు అక్కడికెళ్లాక కొనుక్కోవడమే నయం. తూటాలు సొంతంగా తయారుచేసుకునేవాళ్లకి ఒక హెచ్చరిక: గన్‌పౌడర్, ప్రైమర్లు, పెర్కషన్ క్యాపులు క్యాబిన్‌లోనూ వద్దు, చెక్-ఇన్‌లోనూ వద్దు.

ఎయిర్‌పోర్ట్‌లో

మామూలుగా వెళ్లేదానికంటే కనీసం ఓ గంట ముందు వెళ్లండి. కియోస్క్ దగ్గర, బయట పోర్టర్ల దగ్గర బ్యాగ్ వేసేద్దామని చూడకండి, మనిషి ఉన్న కౌంటర్‌కే వెళ్లాలి. వెళ్లి నెమ్మదిగా “ఐ నీడ్ టు డిక్లేర్ యాన్ అన్‌లోడెడ్ ఫైర్‌ఆర్మ్ ఇన్ మై చెక్డ్ బ్యాగ్” అనండి. వాక్యం నేరుగా ఇలాగే మొదలుపెట్టండి, దయచేసి “ఐ హ్యావ్ ఎ గన్” అని మొదలుపెట్టకండి, వెనక లైన్లో ఉన్నవాళ్ల గుండె ఆగిపోతుంది. అడగకుండా పెట్టె తెరవకండి, తెరవమంటే తెరవండి, గన్‌ని చేతిలోకి మాత్రం తీసుకోకండి.

వాళ్లొక చిన్న కార్డు ఇస్తారు, సాధారణంగా నారింజ రంగులోనో ఎర్రగానో ఉంటుంది, గన్ అన్‌లోడ్ చేశానని దాని మీద సంతకం పెట్టాలి. అది బ్యాగ్ లోపల పెడతారు. బయట అతికించబోతే ఆపండి, లోపల తుపాకీ ఉందని బ్యాగ్ బయట రాయడం, ట్యాగ్ తగిలించడం ఫెడరల్ చట్టమే నిషేధించింది. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, దొంగలకి చీటీ రాసిచ్చినట్టే. కొత్తగా చేరిన ఏజెంట్లకి ఇది తెలియకపోవచ్చు, గట్టిగా కాకుండా సూపర్‌వైజర్‌ని ఒకసారి పిలవమంటే సరిపోతుంది.

ఆ తర్వాత జరిగేది ఎయిర్‌పోర్ట్‌ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల టీఎస్‌ఏ గది దాకా మీరే పెట్టెతో నడవాలి, కొన్నిచోట్ల బెల్టు మీద వేసేసి ఇక్కడే ఓ పదిహేను నిమిషాలు ఉండండి అంటారు. స్క్రీనింగ్ అయిందని చెప్పేదాకా కదలకండి, కాఫీకి కూడా వెళ్లకండి. ఎక్స్‌రేలో ఏదైనా సందేహమొచ్చి తాళం తీయాల్సి వస్తే మిమ్మల్నే పిలుస్తారు, మీరు దొరక్కపోతే బ్యాగ్ విమానం ఎక్కదు. తెరిచి చూశాక మళ్లీ తాళాలు వేసి తాళంచెవి చేతికి తీసుకున్నారా లేదా చూసుకుని, అప్పుడు సెక్యూరిటీ లైన్‌కి వెళ్లండి.

మధ్యలో ఎయిర్‌లైన్ మారుతూ రెండు వేరు వేరు టికెట్లు ఉంటే బ్యాగ్ తీసుకుని మళ్లీ కొత్తగా డిక్లేర్ చేయాల్సిందే. తిరుగు ప్రయాణంలో కూడా ఇదంతా మొదటి నుంచీ.

దిగాక

బెల్టు మీద మీ బ్యాగ్ రాలేదని టెన్షన్ పడేముందు బ్యాగేజ్ ఆఫీసులో అడగండి. కొన్ని ఎయిర్‌లైన్లు గన్ ఉన్న బ్యాగులని అక్కడే ఐడీ చూసి ఇస్తాయి, బ్యాగ్ చుట్టూ గట్టి ప్లాస్టిక్ జిప్ టైలు బిగించి మరీ. టెర్మినల్ బయటికి వెళ్లేదాకా పెట్టె తెరవకండి, జిప్ టై కోయకండి. దాన్ని కోయడానికి ఏదీ దొరకదు కాబట్టి ఒక చిన్న కట్టర్ ఇంకో చెక్-ఇన్ బ్యాగ్‌లో వేసుకెళ్లండి. తాళాలు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో మాత్రం అక్కడే, ఆఫీసులో మనిషి ఎదురుగా ఉండగానే చూసుకోండి.

దేశం దాటితే

దేశం దాటి తుపాకీ తీసుకెళ్లడం పూర్తిగా వేరే కథ, ఆ దేశం పర్మిట్ లేకుండా మొదలే పెట్టకూడదు. వేటకి వేరే దేశం వెళ్లేవాళ్లు బయల్దేరేముందు అమెరికా కస్టమ్స్ దగ్గర 4457 నంబరు ఫారం మీద తుపాకీ నమోదు చేయించుకోవాలి, తిరిగొచ్చేటప్పుడు ఇది ముందు నుంచీ మీదేనని అదే రుజువు. విమానం ఏదైనా మూడో దేశంలో ఆగినా, అక్కడ మీరు దిగకపోయినా, ఆ దేశం అనుమతి కూడా అడగొచ్చు, అదీ ముందే కనుక్కోండి.

మనవాళ్లకి ఎక్కువగా పనికొచ్చేది మాత్రం ఇండియా ట్రిప్ సంగతి. గన్ ఎవరూ తీసుకెళ్లరు, కానీ వారం ముందు రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగ్‌నే సూట్‌కేసుల్లో ఒకటిగా సర్దేస్తారు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఇండియాలో లైసెన్సు లేకుండా తుపాకీ ఎంత నేరమో తూటా కూడా అంతే, ఒక్కటైనా సరే. పోయేటప్పుడు అమెరికాలో ఎవరి కంటా పడని తూటా, తిరిగొచ్చేటప్పుడు ఇండియా ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రేలో పడుతుంది. అక్కడి నుంచి ఫ్లైట్ పోతుంది, పోలీస్ స్టేషన్, లాయరు, కోర్టు వాయిదాలు. బ్యాగ్‌లో ఉందన్న సంగతి మనిషికి తెలియదని తేలిన కేసుల్ని కోర్టులు కొట్టేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి, అయితే అది తేలేలోపు మీ సెలవులు, ఒక్కోసారి వీసా స్టాంపింగ్ డేటు కూడా పోతాయి. కాల్చేసిన తూటా ఖాళీ తొడుగు కూడా బ్యాగ్‌లో ఉండనివ్వకండి, అది ఖాళీదేనని ఎయిర్‌పోర్ట్‌లో నిలబడి వాదించే పరిస్థితి తెచ్చుకోకండి. ఇండియాకి తీసుకెళ్లే సూట్‌కేసులు వేరే పెట్టుకోండి, రేంజ్ బ్యాగ్‌ని గరాజ్‌లోనే వదిలేయండి, చుట్టాలెవరైనా ట్రిప్‌కి బ్యాగ్ అడిగితే దాన్ని మాత్రం ఇవ్వకండి.